పిలిస్తేనే పలకాల్సిన మండలి

2014 ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల జనం పోలింగ్ బూత్‌లకు వెళ్లి ఓటేశారు. అప్పటికి వాళ్లది ఖమ్మం జిల్లా. కాబట్టి తెలంగాణ శాసనసభలో కూర్చునే ఎమ్మెల్యేలను ఎన్నుకున్నారు. ఎండలు పోయి వానలు పడేసరికి వాళ్ల రాష్ట్రమే మారిపోయింది. పోలవరం ముంపు కోసం ఈ ఐదింటితో కలిపి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. వాళ్లు గెలిపించిన ఎమ్మెల్యేలు తెలంగాణ సభలోనే ఉండిపోయారు, వాళ్ల ఊళ్లు మాత్రం ఆంధ్రప్రదేశ్ పాలన కిందికి వెళ్లాయి. ఆ ఊళ్ల ఓటుతో గెలిచిన మనిషి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో అడుగుపెట్టేసరికి 2019 వచ్చింది.

ఈ మండలాల్లో ఎక్కువగా ఉండేది కోయలు, కొండరెడ్లు. పోలవరం కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైనే. వాటిలో పెద్ద వాటా ఈ ఊళ్లదే. ఇల్లు, పొలం, పునరావాసం, పరిహారం లాంటి విషయాలు తేలాల్సిన ఐదేళ్లు అవి. సరిగ్గా ఆ ఐదేళ్లే అసెంబ్లీలో వాళ్ల గొంతు లేదు.

అలాగని వాళ్లను రాజ్యాంగం పట్టించుకోలేదని అనలేం. వాళ్లను షెడ్యూల్డ్ తెగలుగా గుర్తించింది, వాళ్ల నేలను షెడ్యూల్డ్ ప్రాంతంగా గుర్తించింది. వాళ్లు 2014లో ఓటేసిన భద్రాచలం, అశ్వారావుపేట రెండూ ఎస్టీ రిజర్వుడు సీట్లే. ఇన్ని ఉన్నా, మీరు ఏ రాష్ట్రంలో ఉంటారని వాళ్లను అడిగి తీరాలని ఏ చట్టంలోనూ రాసి లేదు. ఆదివాసుల రాజ్యాంగ హక్కుల గురించి ఆలోచించేటప్పుడు మొదట పట్టుకోవాల్సిన ముడి ఇదే. గుర్తించడం వేరు, అడగడం వేరు. మన దేశంలో మొదటిది చాలావరకు జరిగింది. రెండోది ఇప్పటికీ ఎవరో ఒకరి దయ మీద ఆధారపడి ఉంది.

ఈ ఆదివాసీ ప్రాంతాలను పిలిచే ఏజెన్సీ అనే మాట వెనకే పెద్ద కథ ఉంది. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్‌ను గవర్నర్‌కు ఏజెంట్‌గా పెట్టారు. ఏజెంట్ పాలించే నేల ఏజెన్సీ అయింది. పేరు అలాగే నిలిచిపోయింది. కొండల్లో తిరుగుబాట్లు అణచడానికి చేసిన ఏర్పాటు అది, అక్కడి జనం అడిగి తెచ్చుకున్నది కాదు. అయినా 1879లో రంప మండింది, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం మళ్లీ లేచింది. నిజాం వైపున 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాడు. ప్రతి తిరుగుబాటు తర్వాతా సర్కారు ఏదో ఒక రక్షణ ఇచ్చింది. ప్రత్యేక పాలన, భూమి బదిలీపై ఆంక్ష, కొత్త అధికారి, ఇలా ఏదో ఒకటి వచ్చింది. ఆ రక్షణలో పాలుపంచుకునే చోటు మాత్రం ఇవ్వలేదు. 1935 చట్టం ఈ ప్రాంతాలకు పెట్టిన పేరు చూసినా తెలుస్తుంది: పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు.

రాజ్యాంగ సభలో ఈ మాటను నేరుగా ఎత్తినవాడు జైపాల్ సింగ్ ముండా. 1928 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టుకు కెప్టెన్, ఛోటానాగపూర్ ముండా తెగ మనిషి. 1946 డిసెంబర్ 19న లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పడం మీ వల్ల కాదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్నారు. రాజ్యాంగంలో 'ఆదివాసీ' అనే మాటే ఉండాలని పట్టుబట్టారు. ఆ పట్టు నెగ్గలేదు, 'షెడ్యూల్డ్ తెగలు' అనే జాబితా మాట వచ్చింది. తెలుగులో సర్కారు కాగితాల్లో 'గిరిజనులు' అని రాస్తారు. గోదావరి ఒడ్డున చదును నేలలో బతికే కోయలను కూడా కొండవాళ్లనే పిలుస్తున్నామన్నమాట. పేరులో ఏముందిలే అనిపించవచ్చు. కానీ 'ఆదివాసీ' అంటే ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లు అని అర్థం. 'షెడ్యూల్డ్ తెగ' అంటే ఫలానా జాబితాలో ఉన్నవాళ్లు. మొదటి మాటలో హక్కు ఉంది, రెండో మాటలో అర్హత ఉంది. రెంటికీ తేడా చిన్నది కాదు.

ఇక ఐదో షెడ్యూల్. రాజ్యాంగం 244వ అధికరణ కింద పది రాష్ట్రాల్లోని షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఇది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ పదిలో ఉన్నాయి. దీని ప్రకారం గవర్నర్‌కు రెండు పెద్ద అధికారాలున్నాయి. పార్లమెంటు గానీ శాసనసభ గానీ చేసిన చట్టం ఆ ప్రాంతానికి వర్తించదని నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. భూమి బదిలీ, వడ్డీ వ్యాపారం లాంటి వాటిపై సొంతంగా రెగ్యులేషన్ తేవచ్చు, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఇంకో పక్క గిరిజన సలహా మండలి ఉంటుంది. అందరూ టీఏసీ అనేది దాన్నే. 20 మందికి మించకూడదు. అందులో దాదాపు మూడొంతుల మంది, అంటే నాలుగింట మూడు వంతులు, ఆ రాష్ట్ర ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి.

వినడానికి బాగానే ఉంది. ఈ షెడ్యూల్ నాలుగో పేరాలో ఉన్న ఒక చిన్న వాక్యం దగ్గర ఆగి చదవాలి. షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, అభివృద్ధికి సంబంధించి 'గవర్నర్ తమకు నివేదించిన' విషయాలపై సలహా ఇవ్వడం మండలి విధి అని అక్కడ రాసి ఉంది. గవర్నర్ పంపిన విషయం మీద మాట్లాడాలి. పంపకపోతే? రేపు తమ ఊరి కింద గని తవ్వబోతున్నారని తెలిసినా, ఆ ఫైలు తమ ముందుకు రానంతవరకు మండలికి చెప్పే విధి లేదు. చెప్పినా వినాలని లేదు. రెగ్యులేషన్ తెచ్చేటప్పుడు మండలిని తప్పక సంప్రదించాలి, నిజమే. కానీ చట్టం వర్తించకుండా ఆపే అధికారానికి మండలి మాట అక్కర్లేదు. 1948 ముసాయిదాలో మండలి సలహాకు ఇంతకంటే పట్టు ఉండేది. 1949 సెప్టెంబర్‌లో మార్చిన పాఠం సభ ముందుకు వచ్చేసరికి ఆ పట్టు సడలింది. జైపాల్ సింగ్ అప్పుడే లేచి అభ్యంతరం చెప్పారు. ఈశాన్యంలో ఆరో షెడ్యూల్ కింద స్వయంప్రతిపత్తి జిల్లా మండళ్లు భూమి, అడవి మీద తామే చట్టాలు చేసుకోగలవు. మన ఏజెన్సీకి దక్కింది సలహా మండలి, అదీ పిలిస్తేనే పలకాల్సినది.

ఇంత బలహీనమైన షెడ్యూల్ కూడా ఎంత మేలు చేయగలదో తెలుగు నేల మీదే కనిపించింది. ఇది చెప్పకుండా విమర్శ ఒక్కటే చేస్తే అన్యాయం. 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, 1970లో దాన్ని సవరించారు. ఏజెన్సీలో ఎవరిని అడిగినా చెప్పే 'వన్ ఆఫ్ సెవెంటీ' (1/70) అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసికి తప్ప ఇంకెవరికి బదిలీ అయినా చెల్లదని చెప్పింది. గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి కూడా కుదరదు. దాని అసలు బలం రుజువు భారాన్ని తిప్పడంలో ఉంది. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, అది ఆదివాసి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ భూమి ఉన్నవాడే. తరాల తరబడి దున్నినా చేతిలో కాగితం ముక్క లేని కుటుంబానికి, నాలుగు దస్తావేజులు చేయించుకున్న వడ్డీ వ్యాపారికి మధ్య కేసు నడిచేటప్పుడు ఈ ఒక్క మార్పు ఎంతో చెప్పనక్కర్లేదు. బినామీ పేర్లతో, అమలులో అలసత్వంతో భూములు పోయాయి, పోతున్నాయి. అయినా ఈ చట్టం లేకపోయి ఉంటే అరకు రోడ్డు పక్క సెంటు భూమి కూడా ఆదివాసి పేరు మీద మిగిలేది కాదు.

1997 జూలై 11 నాటి సమత తీర్పు ఆ చట్టం మీదే నిలబడింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది, సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు ఒక వైపు, ఒకరు ఒక వైపుగా గెలిచింది. భూమిని బదిలీ చేయకూడని 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా ఉంటుందని కోర్టు చెప్పింది. సర్కారు భూమి అయినా షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వడానికి వీల్లేదు. ఆ తీర్పు లేకపోతే తూర్పు కనుమల బాక్సైట్ కథ వేరేగా ఉండేది. ఆ తర్వాత ప్రభుత్వాలు తమ సొంత ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద తవ్వాలని చూశాయి. 2015 నవంబర్‌లో చింతపల్లి అడవిలో మూడు వేల ఎకరాలకు పైగా ఆ సంస్థకు ఇస్తూ జీఓ 97 వచ్చింది, ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది. 2019లో రద్దయింది. రద్దు చేయించింది జనం ఒత్తిడి. ముందుగా అడగాల్సిన చోట అడిగి ఉంటే ఆ నాలుగేళ్ల టెన్షన్ ఆ ఊళ్లకు ఉండేదే కాదు.

మరి రిజర్వుడు సీట్ల సంగతేంటి? లోక్‌సభలో ఎస్టీలకు 47 సీట్లు. ఆంధ్రప్రదేశ్‌లో అరకు, తెలంగాణలో ఆదిలాబాద్, మహబూబాబాద్. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175కి 7, తెలంగాణలో 119కి 12. ఈ సీట్లు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే ఆదివాసి ఎమ్మెల్యే అయ్యే దారి చాలాచోట్ల మూసుకుపోతుంది. పదేళ్ల గడువుతో మొదలై పొడిగిస్తూ వచ్చి, ప్రస్తుతం 2030 జనవరి దాకా ఉన్న ఏర్పాటు ఇది. జనాభా నిష్పత్తి ప్రకారం దక్కిన న్యాయమైన వాటా కూడా. చిక్కు వేరే చోట ఉంది. టికెట్ ఇచ్చేది పార్టీ. 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల చట్టం ఉంది, విప్ దాటి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. తన నియోజకవర్గం మునిగిపోయే బిల్లు సభలోకి వచ్చినా, పార్టీ చెయ్యి ఎత్తమంటే ఎత్తాల్సిందే. అదే ఎమ్మెల్యేలు వెళ్లి టీఏసీలో కూర్చుంటారు. అంటే అసెంబ్లీలో పార్టీ మాట దాటలేనివాళ్లే మండలిలోనూ ఉంటారు.

చిన్న తెగల పరిస్థితి ఇంకా కష్టం. చెంచులు 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద 64 వేల పైచిలుకు. కృష్ణకు అటూ ఇటూ నల్లమల అంతటా చెదిరి ఉన్నారు. ఏ నియోజకవర్గంలోనూ వాళ్ల ఓట్లే గెలుపోటములు తేల్చేంత సంఖ్య ఉండదు. కొలాములు, కొండరెడ్లదీ ఇంచుమించు ఇదే స్థితి. తలల లెక్కతో నడిచే రాజకీయంలో వాళ్లకు ఒక కుర్చీ దక్కాలంటే తెగల వారీగా చోటు కల్పించే వేదిక కావాలి. టీఏసీలో ఎమ్మెల్యేలు కాని సభ్యులకు ఉన్న ఆ కొద్ది స్థానాలను ఇందుకే కచ్చితంగా వాడాలి. తెలంగాణలో లంబాడాలు, ఇతర ఆదివాసీ తెగల మధ్య 2017 నుంచి ముదిరిన గొడవకు కూడా మూలం ఇక్కడే ఉంది. ఒకే జాబితాలో, ఒకే కొలమానంతో అందరినీ కలిపి కొద్ది సీట్లు ఇచ్చి పంచుకోమంటే పేదవాళ్లు పేదవాళ్లతోనే కొట్లాడుకుంటారు. ఆ తగువును ఎవరో ఒకరిని జాబితా నుంచి తీసేయడంతో తేల్చాలనుకోవడం ప్రమాదకరం. వాటాల లోపల వాటాలు, చిన్న తెగలకు విడిగా స్థానం గురించి మాట్లాడాలి.

వీటన్నిటికీ జవాబుగా 1996 డిసెంబర్‌లో పీసా చట్టం, అంటే పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే చట్టం వచ్చింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో 'మావ నాటే మావ రాజ్' అనే నినాదం వినిపిస్తుంది, మా ఊళ్లో మా రాజ్యం అని అర్థం. ఆ నినాదానికి చట్టంలో దగ్గరగా వచ్చినది పీసానే. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల్లో అన్ని స్థాయిల్లోనూ అధ్యక్ష పదవులు ఎస్టీలకే. ఊరి సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను, వివాదాలు తేల్చుకునే పద్ధతిని కాపాడే శక్తి గ్రామసభదే. భూమి సేకరించే ముందు 'గ్రామసభను లేదా తగిన స్థాయిలోని పంచాయతీని' సంప్రదించాలి. ఆ 'లేదా' అనే రెండక్షరాలు చాలా పని చేశాయి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకున్నప్పుడు, సేకరణకు ముందు సంప్రదించాల్సింది మండల పరిషత్‌ను అని రాసుకుంది. మునిగేది గూడెం, అడిగేది మండల ఆఫీసును. చింతూరు లాంటి మండలంలో ఒక కొండ మీది గూడెం నుంచి మండల కేంద్రానికి రావాలంటేనే ఒక రోజు కూలి పోతుంది. పైగా రాష్ట్రంలో పీసా నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలంది. అది నిజమైన ముందడుగు. అప్పటికి పోలవరం భూముల్లో చాలా భాగం పాత 1894 చట్టం కిందే నడిచిపోయింది.

'అందరూ సమానమే అన్నాక కొందరికి ప్రత్యేక హక్కులెందుకు' అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఏజెన్సీలో దానికి ఒక మనిషి ముఖం కూడా ఉంది. మూడు తరాలుగా అక్కడే ఉంటూ, భూమి పట్టా రాక, బ్యాంకు అప్పు పుట్టక ఇబ్బంది పడే పేద దళిత, బీసీ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల బాధ అబద్ధం కాదు. వాళ్లకు ఇళ్ల స్థలాలు, ఉపాధి ఇంకో దారిలో ప్రభుత్వం చూపాలి. ఆ బాధను చూపించి 1/70 ఎత్తేస్తే లాభపడేది ఆ కుటుంబాలు కాదు, రిసార్టుల వాళ్లు, గనుల వాళ్లు. సమానత్వం అంటే మైదానంలో సరిపోయే కొలతనే అడవిలోనూ వాడటం కాదు. 2000లో వచ్చిన జీఓ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. మైదానం టీచర్లు పోస్టింగ్ తీసుకుని బడికి రాకపోవడం, వచ్చినా పిల్లల భాష తెలియకపోవడం దాని వెనక ఉన్న అనుభవం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం కుదరదని, గవర్నర్ ఐదో షెడ్యూల్ అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోదని చెప్పింది. అంటే ఇంతవరకు ఆదివాసులకు దక్కిన ముఖ్యమైన రక్షణల్లో కొన్ని జీఓలంత బలహీనమైనవని తేలింది. అవి నిలబడాలంటే రాజ్యాంగంలోనే రాసి ఉండాలి.

బయటి దేశాల అనుభవం రెండు వైపులా పాఠం చెబుతుంది. న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరీలకు 1867 నుంచి సీట్లు ఉన్నాయి. మొదట నాలుగు, ఇప్పుడు ఏడు. ఆ సీట్లకు ఓటేసేది మావోరీ జాబితాలో పేరు నమోదు చేసుకున్నవాళ్లే. నార్వేలో సామీలకు 1989 నుంచి తమ ఓటర్లే ఎన్నుకునే సొంత సభ ఉంది. ఆస్ట్రేలియా వాళ్లు 2023 అక్టోబర్ 14న రెఫరెండం పెట్టారు. ఆదివాసులను రాజ్యాంగంలో గుర్తించి, వాళ్ల కోసం 'వాయిస్' అనే సలహా సంస్థ పెట్టాలన్నది ప్రతిపాదన. దాదాపు 60 శాతం మంది వద్దన్నారు, ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది. అయితే ఓడిన ఆ ప్రతిపాదనలో ఒక మాట మన టీఏసీలో లేనిది ఉంది. పార్లమెంటుకూ ప్రభుత్వానికీ ఆ సంస్థ తనంతట తానే విన్నవించుకోవచ్చు. ఎవరూ ఫైలు పంపనక్కర్లేదు.

అడిగితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. ఒడిశాలో డోంగ్రియా కోందులు తమ దేవుడు నియమరాజు ఉండే కొండగా కొలిచే ఆ చోట బాక్సైట్ తవ్వాలని వేదాంత కంపెనీ, రాష్ట్ర గనుల సంస్థ అనుకున్నాయి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. అటవీ హక్కుల చట్టం కింద వాళ్ల ఆచార హక్కులను వాళ్లే చెప్పాలంది. రాష్ట్ర ప్రభుత్వం రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లను ఎంచుకుంది. జూలై 18న సెర్కపడితో మొదలై ఆగస్టు 19న జరపాతో ముగిశాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చుని చూస్తుండగా ఒక్కొక్కరు లేచి తమ భాషలో మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. అదే ఏడాది జూలైలో, అదే తూర్పు కనుమల్లో ఇంకాస్త దక్షిణాన, ఏడు మండలాలు ఒక్క గ్రామసభ కూడా లేకుండా రాష్ట్రం మారాయి.

మార్చాల్సినవి అంత పెద్దవేమీ కావు. నాలుగో పేరాలోని 'గవర్నర్ నివేదించిన' అనే మాట తీసేసి, తనకు తోచిన విషయం మీద మాట్లాడే హక్కు మండలికి ఇవ్వాలి. ఇచ్చిన సలహాను కాదంటే ఎందుకు కాదన్నారో శాసనసభ ముందు పెట్టాలి. మండలిలో ఎమ్మెల్యే కాని స్థానాలను చెంచులు, కొలాములు, కొండరెడ్లు లాంటి చిన్న తెగలకు కేటాయించాలి. రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ చట్టాల్లో భూసేకరణ దగ్గర మండల పరిషత్ అని ఉన్నచోట గ్రామసభ అని రాయాలి. సరిహద్దులు, నియోజకవర్గాలు మార్చేటప్పుడు షెడ్యూల్డ్ ప్రాంతం ఉంటే ఆ ఊళ్ల తీర్మానం తప్పనిసరి చేయాలి. నియోజకవర్గాల కొత్త పునర్విభజన రాబోతోంది. ఏజెన్సీ గీతలు ఎలా గీస్తారన్నది ఈసారి మ్యాప్ తయారయ్యాక కాదు, తయారయ్యేటప్పుడే గూడేల్లో చదివి వినిపించాలి, కోయలో, గోండిలో, కువిలో.